మణిని లేపే మాట

తిరుపతిలో రైలు పట్టాలకు అవతల మా వీధికి వచ్చి మునిశేఖర్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. కుక్కల మునిశేఖర్ అని అడగాలి. అప్పుడు చిన్నా పెద్దా అందరూ ఒకే వైపు చేయి చూపిస్తారు. ఆ పేరు తనకు నచ్చదని మునిశేఖర్ నాతో చాలాసార్లు అన్నాడు. కానీ ఇంటి ముందు బోర్డు రాయించేటప్పుడు మాత్రం పెద్ద అక్షరాలతో అదే రాయించుకున్నాడు.

నేను పక్కింటివాణ్ణి, గంగాధరం. బస్టాండులో మైకు ముందు ముప్పై ఏళ్లు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పిన గొంతు నాది. నా మాట నమ్మి బస్సు తప్పిపోయినవాళ్లు కూడా ఉన్నారు, అది వేరే సంగతి. రిటైరయ్యాక నా గొంతుకు పని లేకుండా పోయింది. ఇంట్లో నేను ఏం చెప్పినా వినేవాళ్లు లేరు. అప్పుడు మునిశేఖరే వచ్చి, తన కుక్క స్టేజీ మీద ఆడేటప్పుడు పక్కన నిలబడి మైకులో చెప్పమన్నాడు. అతనికి నలుగురి ముందు నోరు పెగలదు. కుక్కతోనైతే గంటల తరబడి మాట్లాడతాడు. నాకు మైకు దొరికితే చాలు. అలా మా ఇద్దరికీ జత కుదిరింది.

మనిషి సన్నగా, కాస్త వంగి ఉంటాడు. యాభై ఆరేళ్లు. చొక్కా జేబులో ఎప్పుడూ బిస్కెట్ల పొడి ఉంటుంది. అతని బట్టలు ఉతికేటప్పుడు ఆ జేబు తిరగేసి దులపడం భార్య శకుంతలమ్మకు పాతికేళ్లుగా అలవాటు. దులుపుతూ తిట్టడం కూడా అలవాటే.

వాళ్ల ఊరు కార్వేటినగరం పక్కన చిన్న పల్లె. చెరకూ వేరుశనగా వేసుకునే ఇల్లు. మునిశేఖర్‌కు పదేళ్లప్పుడు వాళ్ల కళ్లంలో తిరిగే ఒక కుక్కకు తువాలు నోట పట్టుకుని పోవడం నేర్పించాడట. వాళ్ల నాయన చేలో మోటారు దగ్గర కాళ్లు కడుక్కుని చూసేసరికి, గట్టు మీద కుక్క తువాలు పట్టుకుని నిలబడి ఉందట. వాళ్ల నాయన ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆ రోజు మాత్రం కుక్క తల మీద చెయ్యి పెట్టి, ఆ తర్వాత కొడుకు తల మీద పెట్టాడట. ఈ సంగతి మునిశేఖర్ నాకు ఇరవై సార్లయినా చెప్పి ఉంటాడు. చెప్పిన ప్రతిసారీ ఆ రెండో చెయ్యి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది.

పంతొమ్మిదేళ్లకు మద్రాసు పోయాడు. అక్కడ సినిమా షూటింగులకు కుక్కల్ని తయారుచేసి పంపే ఒక మాస్టరు దగ్గర ఏడేళ్లు పనిచేశాడు. ఆ మాస్టరు పద్ధతి రెండే రెండు ముక్కలు: కడుపు కాలిస్తే కుక్క వింటుంది, వీపు కాలిస్తే మరిచిపోదు. మునిశేఖర్‌కు ఆ పద్ధతి నచ్చలేదు. తిరిగొచ్చి పెళ్లి చేసుకుని, ఇక్కడ డాక్టర్ల ఇళ్లల్లో, లాడ్జీల వాళ్ల ఇళ్లల్లో కుక్కలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక బెత్తం ముట్టుకోలేదు. అన్నీ బిస్కెట్టుతోనే నేర్పిస్తానని అందరికీ చెప్పుకునేవాడు. నేనూ మైకులో అదే చెప్పేవాణ్ణి.

మణి ఏడేళ్ల కిందట దొరికింది. రేణిగుంట రోడ్డులో ఒక లారీ కింద వణుకుతూ ఉన్న కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ఏ జాతీ లేని నాటుకుక్క. గోధుమ రంగు, ఒక చెవి నిలబడితే ఇంకొకటి వాలి ఉంటుంది. తెలివి మాత్రం దండిగా ఉంది. రెండేళ్లు తిరిగేసరికి బడుల వార్షికోత్సవాల్లో, పుట్టినరోజు పండుగల్లో మణి ఆట లేకపోతే అది పండుగే కాదనే పేరొచ్చింది. చెబితే కూర్చునేది. ముందు కాళ్లు రెండూ ఎత్తి దండం పెట్టేది. పసుపు గుడ్డ చుట్టిన పాత సైకిల్ చక్రంలోంచి దూకేది. చిన్న పూలబుట్ట నోట పట్టుకుని జనం మధ్యలోంచి నడిచి వెళ్లి, ముఖ్య అతిథి ముందు పెట్టేది. వీటన్నిటికంటే చప్పట్లు ఎక్కువ పడేది ఒకదానికి. చచ్చిపోయినట్టు పడుకోవడానికి.

దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మద్రాసులో నేర్చుకున్న ప్రకారం మునిశేఖర్ దానికి ఇంగ్లీషులో డౌన్ అనే మాట పెట్టుకున్నాడు. డౌన్ అంటే జనానికి ఏం నవ్వొస్తుంది? అందుకని నేనే సలహా ఇచ్చాను. ఇంట్లో అనుకునే మాటే పెట్టబ్బా, సచ్చిపో అను, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు అన్నాను. పెట్టాడు. నేను చెప్పినట్టే నవ్వారు. ఆ మాట నాది. తర్వాత జరిగినదానికి నా వంతు బాధ్యత ఎంతో మీరే లెక్క కట్టండి.

మా వైపు ఆ మాట అననివాళ్లు ఉండరు. శకుంతలమ్మ గ్యాస్ పొయ్యిని అంటుంది, మిక్సీని అంటుంది, కరెంటు పోతే కరెంటును అంటుంది. అందరి నోటికీ మణి పడిపోతూ ఉంటే ఇల్లు గడవదు కదా. అందుకని మునిశేఖర్ తన గొంతుకు తప్ప పడకూడదని నేర్పించాడు. లేవడానికి కూడా తాళం పెట్టాడు. అతనే వచ్చి వీపు మీద రెండు వేళ్లతో తట్టి "లెయ్" అనాలి. వేళ్లు లేకుండా మాట పనిచెయ్యదు, మాట లేకుండా వేళ్లు పనిచెయ్యవు. ఆటలో ఇదే అసలు రసం. మణి పడుకోగానే నేను మైకు తీసుకుని, ఎవరైనా వచ్చి దీన్ని లేపండి చూద్దాం అని పిలిచేవాణ్ణి. పిల్లలు వచ్చి అరిచేవాళ్లు. ఎవరో ఒకరు కోడికూర ముక్క ముక్కు దగ్గర పెట్టేవాళ్లు. మణి కదిలేది కాదు. ఇది మా మునిశేఖర్ మాట తప్ప దేవుడొచ్చి చెప్పినా వినదు అని గర్వంగా చెప్పేవాణ్ణి. అప్పుడు అతను వచ్చి రెండు వేళ్లతో తట్టేవాడు. మణి లేచి, జనం వైపు తిరిగి, ముందు కాళ్లెత్తి దండం పెట్టేది. అంతటితో ఆట ముగిసేది.

మణికి ఇదంతా ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. అడగాలని మాకూ తోచలేదు. తోక ఊపుతుంది కదా, ఇష్టం లేకపోతే ఎందుకు ఊపుతుంది అనుకునేవాళ్లం. మునిశేఖర్ బతుకంతా ఆ ఒక్క నమ్మకం మీదే నిలబడి ఉంది. పల్లెలో తువాలు తెచ్చిన కుక్క మొదలు మణి దాకా, తన దగ్గర నేర్చుకున్న ప్రతి కుక్కా సంతోషంగా నేర్చుకుందని అతని నమ్మకం. మద్రాసు మాస్టరుకూ తనకూ ఉన్న తేడా అదేనని చెప్పుకునేవాడు.

మొదట అడిగింది కూతురు రూపశ్రీ. ఇరవై నాలుగేళ్ల పిల్ల. శ్రీ సిటీలో ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో పని. కంపెనీ బస్సు వీధి చివరికి వస్తుంది. తండ్రి పోలిక, తక్కువ మాట్లాడుతుంది. తల్లి పోలిక, మాట్లాడితే తగిలేట్టు మాట్లాడుతుంది.

పోయిన మే నెలలో ఒక గురువారం. శ్రీకాళహస్తిలో జయచంద్ర అనే బట్టల వ్యాపారి మనవరాలి పుట్టినరోజు శనివారం ఉంది. అంతకుముందు ఒక మండపంలో నున్నటి టైల్స్ మీద మణి కాలు జారింది. అందుకని ఈసారి ముందే పోయి స్టేజీ చూసి వద్దామనుకున్నాం. తొమ్మిది గంటల బస్సు. నేను సంచి తగిలించుకుని వాళ్ల గేటు దగ్గరికి వచ్చేసరికి మునిశేఖర్ వాకిట్లో మణితో చివరిసారి ఆటలన్నీ చేయిస్తున్నాడు.

మణి ఆ రోజు సరిగ్గా చెయ్యలేదు. చక్రం ముందు నిలబడి ఆవులించింది. ముక్కు నాక్కుంది. తల పక్కకు తిప్పుకుంది. మునిశేఖర్ మళ్లీ చెప్పాడు. మళ్లీ ఆవులించింది. మూడోసారి చెప్పేసరికి వసారాలో మంచం కిందికి పోయి కూర్చుంది. అతను మెడపట్టీ పట్టుకుని బయటికి లాగాడు. రూపశ్రీకి ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు. గడప మీద కూర్చుని తల దువ్వుకుంటూ ఇదంతా చూస్తోంది.

"దానికి ఇష్టం లేదు నాయనా. వదిలెయ్" అంది.

నిద్రమబ్బు అది, నీకేం తెలుసు అన్నాడు మునిశేఖర్.

"నాకు తెలుసు. మా లైన్లో బెల్లు కొడితే లేస్తాము, బెల్లు కొడితే కూసుంటాము. సూపర్‌వైజరు వచ్చినప్పుడు నవ్వతాము గూడా. ఈళ్లంతా సంతోషంగా పని చేస్తా ఉండారని ఆయన పైవాళ్లకు సెప్తాడు. నువ్వూ అట్నే సెప్తా ఉండావు. ఇష్టమా అని దాన్ని యానాడన్నా అడిగినావా?"

నేను గేటు మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. మునిశేఖర్ ముఖం చూస్తే భయమేసింది. ఆ మనిషి కూతుర్ని ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. మొదటిసారి అన్నాడు.

"అయితే నేను సూపర్‌వైజరునా? ఏం తెలిసి మాట్లాడతా ఉండావు? పో, ఆ ఫ్యాక్టరీకే పోయి సచ్చిపో."

చెప్పులేసుకుని విసురుగా బయటికి వచ్చేశాడు. నేను వెనకే నడిచాను. ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే ఏం కనిపించేదో శకుంతలమ్మ తర్వాత చెప్పింది. ఆ మాట విన్న వెంటనే మణి వాకిట్లో సిమెంటు మీద పక్కకు వాలి, నాలుగు కాళ్లూ చాపి, స్టేజీ మీద పడుకున్నట్టే పడుకుంది.

వంటింట్లోంచి వచ్చిన శకుంతలమ్మ అది నిద్రపోతోందనుకుంది. రూపశ్రీ గదిలోకి పోయి తలుపేసుకుని ఏడుస్తోంది. అరగంట తర్వాత ముఖం కడుక్కోవడానికి బయటికి వచ్చి చూసింది. వాకిట్లోకి ఎండ వచ్చేసింది. మణి ఎండలోనే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. రూపశ్రీకి అప్పుడు అర్థమైంది. లెయ్ మణీ అంది. రెండు వేళ్లతో తట్టింది. శకుంతలమ్మ వచ్చి తట్టింది. బిస్కెట్టు పెట్టారు, పెరుగన్నం పెట్టారు. ఇద్దరూ కలిసి ఎత్తి నీడలోకి జరపబోతే మణి ఒళ్లంతా బిగబట్టి సన్నగా మూలిగింది. భయపడి వదిలేశారు.

కుక్క అంతసేపు పడుకోదని చదువుకున్నవాళ్లు ఎవరైనా అంటే అననివ్వండి. నేను చూసింది నేను చెబుతున్నాను.

మునిశేఖర్ ఫోను కిటికీలో ఛార్జింగుకు పెట్టి ఉంది. కోపంలో మరిచిపోయి వచ్చాడు. నా ఫోను నా దగ్గరే ఉంది గానీ దాన్ని మోగనివ్వను. బస్టాండులో ముప్పై ఏళ్లు విన్న హారన్లు చాలని, దాని నోరు ఎప్పుడూ నొక్కి పెడతాను. బస్సులో అతను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, నేను నిద్రపోయాను. శ్రీకాళహస్తిలో దిగి, మండపానికి నడిచి, స్టేజీ చూసి, జయచంద్ర ఇచ్చిన మజ్జిగ తాగాం. నేల గరుకుగానే ఉంది, కాలు జారదని మునిశేఖర్ సంతృప్తిపడ్డాడు. అప్పుడు టైము చూద్దామని నేను ఫోను తీశాను. పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. పదకొండు కావస్తోంది.

చేశాను. రూపశ్రీ ఎత్తింది. ఆ పిల్ల మాటలు నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను మునిశేఖర్ చేతిలో పెట్టాను. అతను విన్నాడు. నిలబడ్డవాడు అలాగే మండపం మెట్ల మీద కూర్చుండిపోయాడు. మణి చెవి దగ్గర పెట్టమని చెప్పి, ఫోనులో "లెయ్ రా మణీ, లెయ్ నాయనా" అన్నాడు. అవతల నుంచి రూపశ్రీ చెప్పింది. నిలబడే చెవి కదిలిందట. తోక ఒక్కసారి నేలకు కొట్టిందట. అంతే. వేళ్లు లేవు కదా. తను పెట్టిన తాళం తనే తియ్యాలి, అది కూడా ఎదురుగా నిలబడి.

తిరిగొచ్చే బస్సులో అతను నా పక్కన కాకుండా డ్రైవరు వెనక సీట్లో ముందుకు వంగి కూర్చున్నాడు, తను వంగితే బస్సు తొందరగా పోతుందన్నట్టు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపటికి నా వైపు చూడకుండానే చెప్పాడు.

"అన్నా, అన్నీ బిస్కెట్టుతో నేర్పించినాను అని నువ్వు మైకులో సెప్తావే, అది అబద్ధం. పండుకునేది మాత్రం బిస్కెట్టుకు రాలా. జనం పిలిస్తే లేసేస్తా ఉండె. అటక మీద మాస్టరు ఇచ్చిన బెత్తం ఉండాది. వారం రోజులు, ఇంట్లో ఎవురూ లేనప్పుడు. ఆ పొద్దు నుంచి లెయ్యలా."

నాకు ఆ చప్పట్లు గుర్తొచ్చాయి. కోడికూర ముక్క ముక్కు దగ్గర పెట్టినా కదలని కుక్కను చూపించి, ఎంత క్రమశిక్షణో చూడండి అని నేను చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. నాకు సిగ్గేసింది. నా గొంతంటే నాకు ఎప్పుడూ అంత అసహ్యం వెయ్యలేదు.

పన్నెండున్నరకు ఇల్లు చేరాం. ఆటో ఆగకముందే అతను దిగి పరిగెత్తాడు. వాకిట్లో శకుంతలమ్మ తన పాత చీర ఒకటి బట్టలారేసే తీగకూ స్నానాల గది రేకుకూ కట్టి నీడ చేసింది. చుట్టూ నేల తడిపి ఉంది. ఏడేళ్లుగా ఆ కుక్కను ఇంట్లోకి రానివ్వని మనిషి, దాని తల దగ్గర బాసిపట్లు వేసుకుని కూర్చుని, దోసిట్లో నీళ్లు పోసి దాని నోటికి అందిస్తోంది. మణి పడుకున్న చోటు నుంచే నాలికతో అందుకుంటోంది. రూపశ్రీ మణికి ఎదురుగా అదే నేల మీద పక్కకు వాలి పడుకుని ఉంది. ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

మునిశేఖర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు వేళ్లు వీపు మీద పెట్టాడు గానీ మాట రాలేదు. శకుంతలమ్మ, చెప్పు, తొందరగా చెప్పు అని మెల్లగా అంది. అప్పుడు చెప్పాడు.

"లెయ్ మణీ."

మణి లేచింది. మూడున్నర గంటలు ఒకే పక్కన పడుకున్నది కదా, వెనక కాళ్లు నిలవలేదు. ఒకసారి పడి, మళ్లీ లేచింది. నిలదొక్కుకుంది. మేం నలుగురం ఉన్న వైపు తిరిగింది. ఆ వణికే వెనక కాళ్ల మీద నిలబడి, ముందు కాళ్లు రెండూ ఎత్తి దండం పెట్టింది.

లేచిన వెంటనే దండం పెట్టాలి. ఆటలో తర్వాతిది అదే.

మునిశేఖర్ రెండు చేతులతో దాని కాళ్లు పట్టుకుని దించేశాడు. వద్దు, వద్దు అంటూ దాని మెడలో ముఖం పెట్టుకున్నాడు. యాభై ఆరేళ్ల మనిషి వీధిలో అందరికీ వినబడేట్టు ఏడ్చాడు. మణి మాత్రం వాలిన చెవి కదిలిస్తూ అతని చొక్కా జేబు వాసన చూసింది, బిస్కెట్టు ఉందేమోనని. ఆ రోజు జేబు ఖాళీ.

శనివారం ఆట లేదని జయచంద్రకు నేనే ఫోను చేసి చెప్పాను. కారణం అడిగాడు. కుక్కకు ఒంట్లో బాగాలేదన్నాను. అసలు బాగాలేనిది ఎవరికో ఆయనకు చెప్పి ఏం లాభం. మరుసటి రోజు మునిశేఖర్ అటక ఎక్కి బెత్తం తీసి, విరగ్గొట్టి, శకుంతలమ్మ నీళ్లు కాచే పొయ్యిలో పెట్టాడు. చూస్తూ ఉన్న శకుంతలమ్మ, అది అక్కడ ఉందని నాకెందుకు చెప్పలేదని ఒక్క మాట అడిగి ఊరుకుంది.

బెత్తం కాలిపోయింది గానీ రూపశ్రీ అడిగిన ప్రశ్న అలాగే ఉంది. మునిశేఖర్ తిండి సరిగ్గా తినలేదు. పాఠాలకు పోలేదు. ఒక సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, పడుకోవడం ఇష్టం లేదని తెలిసిపోయింది, మిగతావి ఇష్టమో కాదో ఎలా తెలుసుకునేదన్నా అని అడిగాడు. మైకు ముందు పెట్టి అడుగుదామా అని నేను వేళాకోళం ఆడబోయి, అతని ముఖం చూసి ఆపేశాను. ఇన్నేళ్లుగా నేర్పిన కుక్కలన్నీ ఆ మనిషి కళ్ల ముందు వరసగా కూర్చుని ఉన్నాయి. తువాలు తెచ్చిన పల్లె కుక్క కూడా.

చివరికి తనే ఒక దారి పట్టాడు. మణి గిన్నెలో అన్నం ఎప్పుడూ నిండుగా ఉంచాడు, ఆకలి పేరుతో ఏదీ చెయ్యకూడదని. జేబులో బిస్కెట్లు మానేశాడు. గేటు తీసి పెట్టాడు. వాకిట్లో చక్రం, బంతి, ముక్కాలిపీట, పూలబుట్ట అన్నీ పెట్టి, రోజూ పొద్దున ఒక గంట మాట్లాడకుండా, చేతులు కదపకుండా గోడకానుకుని కూర్చునేవాడు. ఎవరైనా చూస్తే ఈ మనిషికే ఎవరో కూసో అని చెప్పారనుకుంటారు.

మొదటి రోజు మణి మంచం కిందే ఉంది. రెండో రోజూ అంతే. నాలుగో రోజు వచ్చి అతని ముందు కూర్చుని, ఏ మాట వస్తుందోనని ముఖం చూసింది. మాట రాకపోయేసరికి తనే దండం పెట్టింది, తర్వాత పక్కకు వాలబోయింది. మునిశేఖర్ లేచి లోపలికి పోయాడు. ఆ పూట ఇంక బయటికి రాలేదు. వారం గడిచింది. మణి చెప్పకుండా వాలడం మానేసింది. వీధిలోకి పోయి మిగతా కుక్కలతో తిరిగి వచ్చేది. పీట మీద కాలెత్తింది ఒకసారి. ఎక్కడానికి కాదు. నేను నవ్వితే మునిశేఖర్ కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను. చక్రం వైపు మాత్రం మణి ఒక్కసారి కూడా చూడలేదు.

పన్నెండో రోజు పొద్దున శకుంతలమ్మ పాలకని సంచి తీసుకుని గేటు దాటింది. మణి వాకిట్లోంచి ఆమెను చూసింది. పూలబుట్ట దగ్గరికి పోయి, నోట పట్టుకుని, ఆమె వెనక పరిగెత్తింది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ పిలవలేదు. ఆమె ఆగి వెనక్కి చూసింది. మణి తోక ఊపే తీరు నేను అంతకుముందు ఏ స్టేజీ మీదా చూడలేదు. నడుముతో సహా ఊగిపోతోంది. శకుంతలమ్మ ఒక్క క్షణం ఆలోచించి, తిరిగొచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు ఆ బుట్టలో పెట్టింది. అది తల ఎత్తుకుని, వీధి మధ్యలోంచి, కలెక్టరు గారిలా నడిచి వచ్చింది. మరుసటి రోజు కూడా పోయింది. ఆ తర్వాత రోజు మునిశేఖర్ బుట్ట తీసి లోపల దాచాడు. మణి వాకిలంతా వెతికింది. మంచం కింద చూసింది. వచ్చి అతని మోకాలి మీద కాలు పెట్టి అరిచింది. బుట్ట ఇచ్చేదాకా ఊరుకోలేదు.

అతను బుట్ట ఇచ్చి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. "ఇది ఇష్టమన్నా" అన్నాడు నాతో. "ఇదొకటి దానికి ఇష్టం. నేను నేర్పించిందే."

ఆ ఒక్కటీ అతనికి ఎంత ఊరటో నేను చెప్పలేను. తువాలు తెచ్చిన కుక్క కూడా ఇష్టంతోనే తెచ్చి ఉంటుందని నేను అన్నాను.

మణి ఇప్పుడు స్టేజీ ఎక్కదు. చక్రం మీద చిక్కుడు తీగ పాకింది. మునిశేఖర్ పాఠాలు మళ్లీ మొదలుపెట్టాడు. ఎవరి ఇంటికి పోయినా మొదటి రోజు కూర్చోవడం గానీ దండం గానీ నేర్పించడు. లెయ్ అనే మాట నేర్పిస్తాడు. ఆ ఇంట్లో అందరి చేతా చెప్పిస్తాడు. వంటమనిషి చెప్పినా కుక్క లేవాలి. కుక్క ఆవులిస్తే ఆ పూటకు పాఠం అయిపోయిందని లేచి వచ్చేస్తాడు. ఇదేం మాస్టరని కొందరు మానేశారు. మాననివ్వండి.

మునిశేఖర్ ఇంట్లో ఆ పాత మాట ఇప్పుడు వినపడదు. శకుంతలమ్మ మిక్సీ మీద కోపమొచ్చి నోరు తెరిచి, మణి ఎక్కడుందో చూసుకుని, నోరు మూసుకుంటుంది.

తండ్రీ కూతుళ్లు మాత్రం ఆ గురువారం తర్వాత సరిగ్గా మాట్లాడుకోలేదు. పోట్లాట లేదు. అతను ఆమె బాటిల్లో నీళ్లు నింపి పెట్టేవాడు. ఆమె అతని ఫోను ఛార్జింగుకు పెట్టేది. అంతవరకే. కుక్క దగ్గర ఏడ్చిన మనిషి కూతురి దగ్గర ఒక్క మాట అనలేకపోయాడు. నలుగురి ముందే కాదు, ఒక్క మనిషి ముందు కూడా అతనికి నోరు పెగలదని నాకు అప్పుడు తెలిసింది.

మొన్న ఆదివారం నేను పేపరు కోసం వాళ్లింటికి వెళ్లాను. ఆదివారం పని పెట్టారట, రూపశ్రీ యూనిఫారం వేసుకుని గడప మీద కూర్చుని బూట్లు కట్టుకుంటోంది. మునిశేఖర్ గోడ దగ్గర ఉన్నాడు. మణి పాల బుట్టతో గేట్లోంచి వచ్చింది. అతను మణిని చూస్తూ, కూతురితో అన్నాడు.

"నువ్వు సెప్పిందే నిజం పాపా. దానికి బుట్ట తప్ప ఇంగేదీ ఇష్టం లేదు."

రూపశ్రీ బూటు ముడి వేస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

"నాయనా, ఆ పొద్దు ఆ మాట నువ్వు మణికి అనలా. నాకు అనినావు. అది పండుకునింది, నువ్వు శ్రీకాళహస్తి నుంచి పరిగెత్తుకొని వచ్చి లేపినావు. నన్ను ఇంకా లేపలా."

మణి బుట్ట దించకుండా నిలబడింది. మునిశేఖర్ గోడ వదిలి వచ్చాడు. కూతురి వెనక గడప మీద మెల్లగా కూర్చున్నాడు. చెయ్యి ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి, ఆమె వీపు మీద రెండు వేళ్లు పెట్టాడు.

"లెయ్ తల్లీ."

రూపశ్రీ లేచింది. దండం పెట్టలేదు. చేతి వెనకతో కళ్లు తుడుచుకుని, బస్సుకు టైమయింది నాయనా అని చెప్పి, బాక్సు తీసుకుని గేటు దాటింది. మణి పాల బుట్ట వాకిట్లో వదిలేసి, ఆమెను వీధి చివరిదాకా సాగనంపడానికి వెనకే పరిగెత్తింది.